నావలోని నెమ్ము

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో అల్పమైనదిగా కనిపించే ఒక సమస్యను శాస్త్రీయ దృష్టితో పరిశీలించి, కారణాన్ని గుర్తించి, తగిన నివారణను ఆలోచించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం. నావలలో సరకులు, పనిముట్లు దాచుకొనే అరలలోకి నెమ్ము ఎలా చేరుతుందో, దాని వల్ల కలిగే అనర్థాలు ఎటువంటివో, వాటిని నివారించే మార్గాలు ఏవో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

నావకు నీరు ఆధారం. ఆ నీరే నావకు శత్రువు. అడుగుపలకకు చిల్లు పడితే నీరు లోపలికి వస్తుందని, వెంటనే తోడిపోయకపోతే నావ మునుగుతుందని అందరికీ తెలుసు. ఆ నీరు కంటికి కనిపిస్తుంది కాబట్టి మనిషి దానిని ఎదుర్కొంటాడు. కాని కంటికి కనిపించకుండా, చప్పుడు చేయకుండా, గాలితోపాటు నావలో ప్రవేశించే నీరు మరొకటి ఉంది. అది పలకలను తడుపుతుంది, ఇనుమును తినివేస్తుంది, ధాన్యాన్ని ముక్కిపోయేటట్లు చేస్తుంది, బట్టలకు బూజు పట్టిస్తుంది. చివరకు ఆపదలో ప్రాణాన్ని కాపాడవలసిన సాధనాలను కూడా పనికిరాకుండా చేస్తుంది. ఆ కనిపించని నీటినే నెమ్ము అంటారు.

విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి రేవుల నుండి చేపలవేటకు బయలుదేరే మరపడవలు రోజుల తరబడి సముద్రం మీదనే ఉంటాయి. పనివారికి కావలసిన బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, మందులు, పక్కబట్టలు పడవలోనే ఉండాలి. తాళ్ళు, వలలు, యంత్రభాగాలు, మరమ్మతు పనిముట్లు కూడా దగ్గర ఉండాలి. వీటన్నిటికంటె ముఖ్యమైనవి లైఫ్‌జాకెట్లు, ఆపద సమయంలో ఆకాశంలోకి వదిలే వెలుగు సంకేతాలు. నావలో చోటు తక్కువ. అందువల్ల ప్రతి మూలను, ప్రతి మెట్టు కింది భాగాన్ని, ప్రతి బల్ల అడుగును ఒక అరగా మలచుకొంటారు. ఈ అరలలో చాలా భాగం నావ గోడకు ఆనుకొని, నీటిమట్టానికి దిగువన, వెలుతురు సోకని చోట ఉంటాయి. వాటి తలుపులు గట్టిగా మూసి ఉంటాయి. నెమ్ము నిలువ ఉండడానికి ఇంతకంటె అనువైన చోటు మరొకటి ఉండదు.

గాలిలో దాగిన నీరు

వేసవిలో చల్లని నీరు పోసిన లోహపు చెంబు బయటివైపు చిరుచెమట పట్టడం ప్రతి ఇంటిలోను కనిపించే దృశ్యమే. చెంబులోని నీరు లోహం గుండా బయటికి రాలేదు. చుట్టూ ఉన్న గాలిలోని నీటి ఆవిరే చల్లని లోహాన్ని తాకి నీటిబిందువులుగా మారింది. ఈ మార్పును సాంద్రీకరణం అంటారు. నావలోని అరలో జరిగేది కూడా ఇదే.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని తనలో ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉండగలదు. 20 డిగ్రీల వద్ద అంతే గాలిలో సుమారు 17 గ్రాములు మాత్రమే ఉండగలదు. ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి ఇముడ్చుకోగల ఆవిరిలో వాస్తవంగా ఎంత భాగం ఉన్నదో తెలిపే కొలతను సాపేక్ష ఆర్ద్రత అంటారు. 30 డిగ్రీల వద్ద సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉంటే ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉన్నదని అర్థం. తీరప్రాంతంలో వానకాలం నాటి గాలి తరచుగా ఇట్టి స్థితిలోనే ఉంటుంది.

ఆ గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి దాని శక్తికి సరిపోయేటంత అవుతుంది. అంతకంటె చల్లబడితే మిగిలిన ఆవిరి నీరుగా మారక తప్పదు. ఈ విధంగా ఆవిరి నీరు కావడం ప్రారంభించే ఉష్ణోగ్రతను తుషారస్థానం అంటారు. అదే గాలి 20 డిగ్రీల చల్లదనం గల గోడను తాకితే ఘనమీటరుకు దాదాపు 7 గ్రాముల నీరు గోడ మీద నిలుస్తుంది. తలుపు తీసినప్పుడల్లా కొత్త గాలి వచ్చి మళ్ళీ కొంత నీటిని విడిచిపెడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ బిందువులే ధారలై అర అడుగున నిలుస్తాయి. పడవ కారుతున్నదేమోనని పనివాడు అనుమానిస్తాడు. నిజానికి పడవలో ఒక్క చిల్లు కూడా ఉండకపోవచ్చు.

చేపలవేట పడవలలో ఈ బాధ మరింత ఎక్కువ. పట్టిన చేపలను నిలువచేయడానికి మంచుముక్కలు నింపిన పెద్ద గది పడవ మధ్యభాగంలో ఉంటుంది. ఆ గదికి ఆనుకొని ఉన్న గోడ ఎల్లప్పుడూ చల్లగా ఉంటుంది. ఆ గోడ పక్కన బియ్యపు బస్తా పెడితే, చల్లని చెంబుకు పట్టిన చెమట వలెనే గోడకు పట్టిన నీరు బస్తాకు దిగుతుంది. నిర్మలమైన ఆకాశం ఉన్న రాత్రులలో పడవ పైకప్పు త్వరగా చల్లబడుతుంది. పగటి వేడిని, ఆవిరిని నింపుకొన్న లోపలి గాలి ఆ కప్పును తాకి చినుకులు రాలుస్తుంది.

నెమ్ముకు మూలాలు

నెమ్ము ఒక్క దారిలోనే రాదు. పైకప్పు పలకల సందులలో నుండి దిగే వాననీరు ఒక దారి. తడి తాళ్ళు, తడి వలలు, తడిసిన బట్టలు ఆరబెట్టకుండా అరలో పడవేయడం మరొక దారి. లోపల పడుకొన్న మనుషుల ఊపిరి, చెమట రాత్రంతా గాలిలోకి ఆవిరిని చేరుస్తాయి. వంట వల్ల కలిగే తేమ కూడా తక్కువ కాదు. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు ఒకటిన్నర కిలోల నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. గ్యాసులోని హైడ్రోజను గాలిలోని ఆమ్లజనితో కలియడమే దీనికి కారణం. ఉడికే అన్నం నుండి వచ్చే ఆవిరి దీనికి అదనం.

వీటికి తోడు ఉప్పు చేసే పని ఒకటి ఉన్నది. వానకాలంలో వంటింటి ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టడం తెలిసినదే. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినప్పుడు శుద్ధమైన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని కరగడం ప్రారంభిస్తుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది అంతకంటె తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. సముద్రపు నీటిలో తడిసిన తాడును ఎండలో ఎంత ఆరబెట్టినా దాని పోగులలో ఉప్పు మిగిలే ఉంటుంది. పగలు ఎండినట్లు కనిపించిన తాడు రాత్రికి మళ్ళీ తడిగా తగులుతుంది. అందువల్ల ఉప్పునీటిలో తడిసిన వస్తువును ముందు మంచినీటితో కడిగి, ఆ తరువాతనే ఆరబెట్టాలి. మంచినీరు అరుదుగా దొరికే చోట మంచినీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచినా కొంత మేలు కలుగుతుంది.

ముక్కవాసన పుట్టుక

మూసిన అర తలుపు తీయగానే ముక్కుకు తగిలే వాసన వట్టి నీటి వాసన కాదు. గాలిలో ఎల్లప్పుడూ శిలీంధ్రాల సిద్ధబీజాలు తేలుతూ ఉంటాయి. కొయ్య, నూలు, తోలు, కాగితం, ధాన్యపు పొడి వంటివి వాటికి ఆహారం. ఆహారం ఉన్నా తేమ లేకపోతే అవి పెరగవు. సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే అవి మొలకెత్తి బూజుగా వ్యాపిస్తాయి. పెరిగే క్రమంలో అవి తేలికగా ఆవిరయ్యే కొన్ని పదార్థాలను విడుదల చేస్తాయి. ముక్కవాసన ఆ పదార్థాలదే.

వాటిలో జియోస్మిన్ అనేది ఒకటి. నేలలోని కొన్ని సూక్ష్మజీవులు కూడా దీనిని తయారుచేస్తాయి. మనిషి ముక్కు దీనిని అత్యల్ప పరిమాణంలో కూడా పసిగట్టగలదు. తొలకరి జల్లు పడగానే నేల నుండి లేచే మట్టివాసనలో జియోస్మిన్‌కు ముఖ్యమైన భాగం ఉంది. ఎండిన నేల మీద వాన పడినప్పుడు పుట్టే వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పెట్రికోర్ అని పేరు పెట్టారు. రైతుకు ఆనందం కలిగించే వాసనే, మూసిన పెట్టెలో పుట్టినప్పుడు చేటును సూచిస్తుంది. కాబట్టి ముక్కవాసనను కేవలం అసౌకర్యంగా భావించరాదు. కంటికి కనిపించని చోట కుళ్ళు మొదలైనదని ముందుగా తెలిపే సమాచారంగా దానిని గ్రహించాలి.

చరిత్ర చెప్పే పాఠాలు

నావ నిర్మాణంలో ఋతువులను గమనించడం ప్రాచీనకాలం నుండి ఉన్నదే. 11వ శతాబ్దికి చెందిన భోజరాజు పేరుతో ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు అనే సంస్కృత గ్రంథం, గదుల అమరికను బట్టి నావలను సర్వమందిర, మధ్యమందిర, అగ్రమందిర అని మూడు విధాలుగా విభజించింది. మధ్యమందిర నావ వర్షకాలానికి, అగ్రమందిర నావ వర్షాలు వెనుకబడిన కాలానికి తగినవని అందులో ఉంది. నావకు ఏ కొయ్య శ్రేష్ఠమో కూడా ఆ గ్రంథం చర్చించింది.

కొయ్యను తినివేసే శిలీంధ్రాలు మహానౌకలను సైతం విడిచిపెట్టలేదు. బ్రిటిషు నౌకాదళం కోసం నిర్మించిన క్వీన్ షార్లెట్ అనే యుద్ధనౌక 1810లో జలప్రవేశం చేసింది. వందకు పైగా ఫిరంగులను మోయగల ఆ నౌక, సముద్రయాత్రకు బయలుదేరక ముందే లోలోపల కుళ్ళిపోయినట్లు తేలింది. సరిగా ఆరని కలపను వాడడం, లోపలి భాగాలకు గాలి అందకపోవడం ఇటువంటి కుళ్ళుకు ముఖ్య కారణాలు. శత్రువు గుండు ఒక్కటి కూడా తగలకుండానే ఆ నౌక దెబ్బతిన్నది. దీనికి భిన్నమైన ఉదాహరణ ట్రింకోమలీ అనే నౌక. వాడియా వంశపు నిపుణులు బొంబాయిలో టేకు కలపతో దీనిని నిర్మించగా 1817లో జలప్రవేశం చేసింది. అది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నేటికీ నీటిపై తేలుతూ ఉంది. టేకులో సహజంగా ఉండే నూనెలు, ఇతర పదార్థాలు శిలీంధ్రాలను దరిచేరనీయవు. మన అడవులలో పెరిగే చెట్టు గొప్పదనానికి ఆ నౌక సాక్ష్యంగా నిలిచింది.

గాలి ప్రసరణ విలువను గుర్తించిన వారిలో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హేల్స్ ముఖ్యుడు. నావ లోపలి చెడుగాలిని తొలగించడానికి కొలిమితిత్తుల వంటి యంత్రాన్ని ఆయన రూపొందించి, 1741లో రాయల్ సొసైటీకి దానిని గురించి నివేదించాడు. నావికుడు జేమ్స్ కుక్ తన సుదీర్ఘ యాత్రలలో నావ లోపలి అంతస్తులను శుభ్రపరచి, నిప్పుకుంపట్లు పెట్టించి ఆరబెట్టించేవాడు. నావికుల ఆరోగ్యాన్ని కాపాడిన తీరును వివరించిన ఆయన రచనకు 1776లో రాయల్ సొసైటీ కాప్లీ పతకాన్ని ప్రదానం చేసింది. పొడిగా ఉన్న నావలోనే మనిషి ఆరోగ్యంగా ఉంటాడని ఆయన అనుభవం నిరూపించింది.

వాననీరు, ఉప్పునీరు

కొయ్యనావ విషయంలో ఒక విచిత్రం ఉంది. సముద్రపు నీటికంటె వాననీరే కొయ్యకు ఎక్కువ హాని చేస్తుంది. కొయ్యలోని తేమ దాని పొడి బరువులో 20 శాతం దాటనంత వరకు కుళ్ళు కలిగించే శిలీంధ్రాలు పెరగలేవు. ఎల్లప్పుడూ నీటిలో పూర్తిగా మునిగి ఉండే పలకలో గాలి చాలినంత ఉండదు కాబట్టి అక్కడ కూడా వాటి ప్రతాపం తక్కువే. పైకప్పు నుండి దిగిన వాననీరు పలకల కీళ్ళలో నిలిచి, ఆరీ ఆరక ఉండే చోటనే కుళ్ళు మొదలవుతుంది. ఉప్పు శిలీంధ్రాలను అణచివేస్తుంది. అందుకే పూర్వం కొన్ని దేశాలలో కొయ్యనావలు కట్టేటప్పుడు పలకల మధ్య ఖాళీలలో ఉప్పు నింపేవారు. ఊరగాయను కాపాడే ఉప్పే నావను కూడా కాపాడింది. అయితే ఇనుపమేకులకు, బట్టలకు, తాళ్ళకు ఆ ఉప్పే చేటు. ఒకే పదార్థం ఒకచోట మిత్రంగాను, మరొకచోట శత్రువుగాను ప్రవర్తిస్తుందని దీని వల్ల తెలుస్తున్నది.

నివారణ మార్గాలు

నివారణలో మొదటి పని నీరు వచ్చే దారులను మూయడం. పైకప్పు మీద నీరు చల్లి, లోపల ఎక్కడ చెమ్మ తేలుతున్నదో చూడాలి. పలకల సందులను, మరల చుట్టూ ఉన్న రంధ్రాలను, మూతల అంచులలోని రబ్బరు పట్టీలను పరీక్షించాలి. రెండవది వచ్చిన నీరు పోయే దారిని కల్పించడం. నావ లోపలి వంపుకొయ్యల అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటి ద్వారా నీరు అన్నిటికంటె పల్లపు చోటికి చేరుతుంది. అక్కడి నుండి దానిని తోడివేయవచ్చు. చెత్త, పొలుసులు, రంపపు పొట్టు వాటికి అడ్డుపడితే నీరు ప్రతి అరలోను నిలిచిపోతుంది. సన్నని కడ్డీతో ఆ రంధ్రాలను అప్పుడప్పుడు శుభ్రం చేయడం కొన్ని నిమిషాల పని. దానిని ఉపేక్షిస్తే కలిగే నష్టం కొన్ని సంవత్సరాలది.

మూడవది వస్తువులకు, గోడకు నడుమ ఎడం ఉంచడం. అర అడుగున కొయ్యబద్దల తడకను పరిచి, దాని మీద వస్తువులు పెట్టాలి. గోడ వైపు కూడా బద్దలు బిగించి రెండు మూడు వేళ్ళ సందు వదలాలి. పల్లెలలో ధాన్యపు బస్తాలను నేల మీద నేరుగా పెట్టకుండా దుంగల మీద పేర్చడంలో ఉన్న వివేకం ఇదే. చల్లగా ఉండే గోడలకు ఉష్ణనిరోధక పొరను అతికిస్తే గాలి ఆ చల్లదనాన్ని తాకదు. మంచుగది పక్క గోడకు ఇది తప్పనిసరి. బియ్యం, పప్పులు మూత బిగువుగా పట్టే డబ్బాలలో ఉంచాలి. అయితే డబ్బాలో పోసేముందు అవి బాగా ఎండినవై ఉండాలి. తడి వస్తువును గట్టిగా మూసిపెడితే తేమను లోపల బంధించినట్లే అవుతుంది.

నాలుగవది గాలి ఆడనివ్వడం. అర తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి రంధ్రాలు చేస్తే కింది నుండి గాలి ప్రవేశించి పై నుండి వెలుపలికి పోతుంది. ఒకే రంధ్రం ఉంటే గాలి కదలదు. తలుపుకు చెక్కకు బదులు వెదురు తడకను గాని, జల్లెడ వంటి రేకును గాని వాడవచ్చు. వంట చేసేటప్పుడు పై కిటికీ తెరవాలి.

గాలి ఆడనివ్వడమంటే ఎల్లవేళలా తలుపులు తెరిచి ఉంచడం కాదు. సరకుల ఓడలలో పనిచేసే వారికి ఈ విషయం బాగా తెలుసు. ఉష్ణమండలంలో కాఫీ, కోకో గింజలు నింపుకొని చలికాలంలో ఐరోపాకు వెళ్ళే ఓడలో సరకు వెచ్చగాను, ఓడ గోడలు చల్లగాను ఉంటాయి. సరకు నుండి లేచిన ఆవిరి గోడలకు పట్టి బస్తాల మీద కారుతుంది. దీనిని ఓడ చెమట అంటారు. అప్పుడు బయటి గాలిని లోపలికి పంపడం మేలు. చలిదేశంలో ఉక్కు రేకులు నింపుకొని ఉష్ణదేశానికి వచ్చే ఓడలో పరిస్థితి తారుమారవుతుంది. బయటి వేడిగాలిని లోపలికి రానిస్తే అది చల్లని ఉక్కును తాకి, సరకు మీదనే నీరుగా మారుతుంది. దీనిని సరకు చెమట అంటారు. అప్పుడు తలుపులు మూసి ఉంచడమే మేలు. బయటి గాలి తుషారస్థానం లోపలి గాలి తుషారస్థానం కంటె తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే గాలిని ప్రసరింపజేయాలని నావికులు పాటించే నియమం. చిన్న పడవకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. వానపడుతున్నప్పుడు, ఉక్కపోత అధికంగా ఉన్నప్పుడు అరలు తెరవడం వల్ల ప్రయోజనం లేదు. వాన వెలిసి, పొడిగాలి వీస్తూ, ఎండ కాసే వేళ చూసి తెరవాలి.

ఐదవది తేమను పీల్చే పదార్థాల వాడకం. సిలికా జెల్ గుళికలు గాలిలోని తేమను తమ బరువులో మూడోవంతు వరకు పీల్చగలవు. వాటిని వేడిచేస్తే పీల్చిన తేమ పోయి మళ్ళీ పనికివస్తాయి. కాల్షియం క్లోరైడు ఇంకా ఎక్కువ తేమను పీల్చుతుంది గాని, చివరకు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఒలికితే లోహాలు తుప్పు పడతాయి. కాబట్టి ఒరగని పాత్రలో దానిని ఉంచాలి. కాల్చిన సున్నపురాయిని నావలో వాడరాదు. నీరు తగిలితే అది తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది. ఈ పదార్థాలన్నీ మూసిన చిన్న అరలోనే పనిచేస్తాయి. సందులున్న అరలో పెడితే సముద్రం మీది గాలినంతటిని ఆరబెట్టడానికి ప్రయత్నించినట్లవుతుంది.

శుభ్రత విషయంలో ఒక పొరపాటు సర్వసాధారణంగా కనిపిస్తుంది. ముక్కవాసన రాగానే అగరువత్తులు వెలిగించడం, కర్పూరం ఉంచడం, సుగంధద్రవం చల్లడం చాలామంది చేసే పని. వాసనను కప్పివేయడం వేరు, వాసనకు కారణాన్ని తొలగించడం వేరు. అరను ఖాళీచేసి, సబ్బునీటితో కడిగి, మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరేవరకు తెరిచి ఉంచాలి. బూజు పట్టిన గుడ్డలను, అట్టపెట్టెలను మళ్ళీ లోపల పెట్టరాదు. కడిగి ఆరిన తరువాత మిగిలిన కొద్దిపాటి వాసనను వంటసోడా గాని, బొగ్గు గాని పీల్చివేస్తుంది. బట్టలను తెల్లబరచే క్లోరిన్ ద్రవాన్ని వాడితే, దానితో వెనిగరును గాని, మరే ఆమ్లాన్ని గాని కలపరాదు. కలిపితే విషవాయువు వెలువడుతుంది.

ప్రాణాలతో ముడిపడిన విషయం

పూర్వం బూరుగు దూది నింపిన లైఫ్‌జాకెట్లు ఉండేవి. వాటి పై తొడుగు నెమ్ముకు చివికితే దూది నీరు పీల్చి, తేల్చే శక్తి తగ్గిపోయేది. నేటి జాకెట్లలో నురుగు వంటి పదార్థం వాడుతున్నా, నెమ్ము వల్ల వాటి కుట్లు, పట్టీలు బలహీనపడవచ్చు. గాలి నిండే రకం జాకెట్లలో నీరు తగలగానే కరిగే బిళ్ళ ఉంటుంది. తడి అరలో ఆ బిళ్ళ తనంతట తానే కరిగి జాకెట్ ఉబ్బిపోవచ్చు. అందులోని వాయుపు గొట్టం తుప్పు పట్టవచ్చు. ఇటువంటి లోపాలు మామూలు రోజులలో బయటపడవు. తుపాను వచ్చిన రోజున బయటపడతాయి. అప్పుడు సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు.

అంతకంటె ఘోరమైన ప్రమాదం మరొకటి ఉంది. చాలాకాలం మూసి ఉంచిన ఇనుప గదిలో తుప్పు పట్టే క్రమంలో ఇనుము గాలిలోని ఆమ్లజనిని హరిస్తుంది. చేపల గదిలో మిగిలిన చేపలు, మంచునీరు కలిసి కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు పుడుతుంది. అది తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైనప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గిందని భావించి లోపలికి దిగిన మనిషి స్పృహ తప్పుతాడు. అతనిని రక్షించబోయి మరొకరు, వారిని చూసి ఇంకొకరు దిగి ప్రాణాలు కోల్పోయిన ఘటనలు ప్రపంచంలో పలుచోట్ల జరిగాయి. అందువల్ల ఇటువంటి గదిలోకి వెంటనే దిగరాదు. మూతలు తీసి, పంఖాతో చాలాసేపు గాలిని ప్రసరింపజేసి, వాయువును కొలిచే పరికరంతో పరీక్షించి, పైన ఒకరిని కాపలా ఉంచిన తరువాతనే దిగాలి. లోపల ఎవరైనా పడిపోతే శ్వాస పరికరం లేకుండా వెంట దిగరాదు. ముందు సహాయం కోసం కేక వేయాలి. పై నుండి గాలిని పంపాలి.

తగిన కాలం

తూర్పుతీరంలో చేపల సంతానోత్పత్తి కోసం మరపడవల వేటపై ఏటా నిషేధం అమలులో ఉంటుంది. అది సాధారణంగా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజుల పాటు ఉంటుంది. ఆ కాలంలో పడవలు రేవులలోను, ఒడ్డున నిలుస్తాయి. యంత్రాలకు మరమ్మతులు, పలకలకు రంగులు ఆ రోజులలోనే జరుగుతాయి. అరల సంరక్షణకు కూడా అదే తగిన సమయం. మంచుగది ఖాళీగా ఉంటుంది. ఎండ తీవ్రంగా ఉంటుంది. వలలు, తాళ్ళు, పక్కబట్టలు, జాకెట్లు అన్నిటినీ బయటికి తీసి కడిగి ఆరబెట్టవచ్చు. తడకలను ఎత్తి అడుగుపలకలను పరీక్షించవచ్చు. సన్నని మేకుతో పొడిచినప్పుడు కొయ్య మెత్తగా దిగిపోతే అక్కడ కుళ్ళు ఉన్నదని తెలుసుకోవచ్చు. ఈ పనులు ముగించకుండా అరలన్నిటిని మూసి, తాళం వేసి వెళ్ళిన పడవలో, తొలకరి వచ్చేసరికి బూజు పెరిగి ఉంటుంది. నిషేధం ముగిసిన వెంటనే నైరుతి ఋతుపవనాల కాలం మొదలవుతుంది కాబట్టి ఆ తరువాత ఆరబెట్టే అవకాశం దొరకడం కష్టం.

కొయ్యకు బదులు ఫైబరు పడవలు వచ్చాయి. నూలు వలలకు బదులు నైలాను వలలు వచ్చాయి. వీటికి శిలీంధ్రాల కుళ్ళు పట్టదు. అయినా వాటి మీద చేరే మురికికి, పొలుసులకు బూజు పడుతుంది. ఫైబరు గోడ కొయ్య వలె నీటిని పీల్చదు కాబట్టి దాని మీద పట్టిన చెమట అంతా కిందికే కారుతుంది. పదార్థం మారినంత మాత్రాన గాలి, నీరు, ఉష్ణోగ్రతల మధ్య ఉన్న సంబంధం మారదు.

ఈ సూత్రాలు నావకే పరిమితం కావు. ఇంటిలోని బీరువా, గ్రామంలోని గాదె, గ్రంథాలయంలోని తాళపత్రాల పెట్టె, గిడ్డంగిలోని పత్తి బేళ్ళు అన్నీ ఈ నెమ్ముకు లోబడినవే. నీటి దారిని మూయడం, నిలిచిన నీటికి దారి చూపడం, గోడకు ఎడంగా ఉంచడం, వేళ ఎరిగి గాలి ఆడనివ్వడం, ఆరిన తరువాతనే దాచడం అనే ఐదు జాగ్రత్తలు వీటన్నిటికీ వర్తిస్తాయి. పెద్ద ఖర్చు లేని ఈ పనులకు కావలసినవి పరిశీలన, క్రమశిక్షణ. సముద్రం మీదికి వెళ్ళే మనిషి తన ప్రాణాన్ని నావకు అప్పగిస్తాడు. ఆ నావను లోపల కూడా పొడిగా ఉంచుకోవడం అతని మొదటి కర్తవ్యం.

కఠిన పదాలు - అర్థాలు

నెమ్ము : చెమ్మ, తడి
ముక్కిపోవు : నెమ్ముకు చెడి వాసన పట్టు
మరపడవ : యంత్రంతో నడిచే పడవ
సాంద్రీకరణం : ఆవిరి చల్లబడి ద్రవంగా మారడం
తుషారస్థానం : గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత
సిద్ధబీజాలు : శిలీంధ్రాల వ్యాప్తికి కారణమయ్యే సూక్ష్మకణాలు
ఆమ్లజని : ఆక్సిజన్
కొలిమితిత్తి : కమ్మరి కొలిమిలో గాలి ఊదే తోలుసంచి
ఉపేక్షించు : నిర్లక్ష్యం చేయు
గాదె : ధాన్యం నిలువచేసే కట్టడం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నావలోని అరలలో నెమ్ము చేరడానికి గల కారణాలను వివరించండి.
2. నెమ్ము నివారణకు పాటించవలసిన ఐదు మార్గాలను తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. ఓడ చెమటకు, సరకు చెమటకు గల భేదం ఏమిటి?
2. ఉప్పు నావకు మిత్రంగాను, శత్రువుగాను ఎలా ప్రవర్తిస్తుంది?
3. మూసి ఉంచిన చేపల గదిలోకి దిగే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. శత్రువు గుండు ఒక్కటి కూడా తగలకుండానే ఆ నౌక దెబ్బతిన్నది.
2. వాసనను కప్పివేయడం వేరు, వాసనకు కారణాన్ని తొలగించడం వేరు.

IV. కింది ప్రశ్నలకు ఒక్క మాటలో సమాధానం రాయండి.
1. తొలకరి మట్టివాసనలో ముఖ్యమైన భాగం గల పదార్థం ఏది?
2. ట్రింకోమలీ నౌకను ఏ కలపతో నిర్మించారు?
3. నావికుల ఆరోగ్యంపై చేసిన రచనకు జేమ్స్ కుక్ పొందిన పతకం ఏది?